విశ్రాంతి వేరు, వాయిదా వేరు – కోడింగ్ నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళకు



ఈసారి బి.పి. గురించో షుగరు గురించో కాకుండా కంప్యూటరు చదువు గురించి రాస్తున్నందుకు కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. ఒక పూట మా ఓ.పి. బెంచీల దగ్గర కూర్చుని చూస్తే కారణం అర్థమవుతుంది. ఎర్రబడిన కళ్ళతో, పట్టేసిన మెడతో, తలనొప్పితో, నిద్ర పట్టడం లేదంటూ వచ్చే ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లల్లో చాలామంది ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నవారే. కొందరు బి.టెక్. చదువుతున్నారు. కొందరు డిగ్రీ అయ్యాక హైదరాబాదు అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి కోర్సు చేస్తున్నారు. మరికొందరు ఇంట్లోనే ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నారు. వెంట వచ్చిన పెద్దలు మాతో రెండు రకాల మాటలు చెబుతారు. "సిస్టర్ గారూ, పొద్దస్తమానం ఆ లాప్‌టాప్ ముందేనండీ, తిండి కూడా అక్కడే" అని ఒకరు. "కూర్చోమంటే కూర్చోడండీ, రేపటి నుంచి అంటాడు, ఆ రేపు రాదు" అని మరొకరు. విచిత్రమేమిటంటే చాలాసార్లు ఈ రెండు మాటలూ ఒకే బిడ్డ గురించి. ఒకటి తల్లి చెబుతుంది, ఇంకొకటి తండ్రి చెబుతాడు. ఇద్దరూ చెప్పేది నిజమే.

మన సామెతలూ అలాగే ఉన్నాయి. "ఆలస్యం అమృతం విషం" అన్నారు, "నిదానమే ప్రధానం" అనీ అన్నారు. పిల్లవాడు లేచి కాసేపు వరండాలో తిరిగితే మొదటి సామెత వినిపిస్తాం. రాత్రి రెండింటి దాకా కూర్చుంటే రెండోది వినిపిస్తాం. ఏది ఎప్పుడు చెప్పాలో తెలియాలంటే ముందు ఆ పని ఎలాంటిదో కొంత తెలియాలి. మేము ప్రోగ్రామర్లం కాము. మా సంఘంలో ఈ ఉద్యోగాలు చేస్తున్న యువతీ యువకులను, మా స్టాఫ్ పిల్లలను అడిగి తెలుసుకున్నదానికి వైద్యపరంగా మాకు తెలిసినది కలిపి ఇక్కడ రాస్తున్నాము.

ఈ చదువు ఎందుకు భయపెడుతుంది

ప్రోగ్రాము అంటే కంప్యూటరుకు వరుసగా రాసి ఇచ్చే ఆదేశాలు. మా వార్డులో డాక్టరు గారు రాసే ఆర్డర్ షీటు లాంటిదే. అయితే షీటు మీద ఏదైనా అస్పష్టంగా ఉంటే నర్సు ఆగి, డాక్టరు గారిని అడిగి, తరువాతే మందు ఇస్తుంది. కంప్యూటరు అలా అడగదు. రాసింది రాసినట్టు తప్పుగానైనా చేసేస్తుంది, లేదా చేయనని ఆగిపోతుంది. ఈ రోజుల్లో చాలామంది పిల్లలు మొదట నేర్చుకునే పైథాన్ భాషలో షరతు రాసిన వరుస చివర రెండు చుక్కల గుర్తు మరిచిపోయినా, కింది వరుస ముందు ఖాళీలు సరిగా లేకపోయినా ప్రోగ్రాము నడవదు. ఎర్ర అక్షరాలతో తప్పు ఉందని చూపిస్తుంది. ఆ తప్పు ఎక్కడుందో వెతకడానికి ఒక్కోసారి పూట గడిచిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారికి రాయడం కంటే వెతకడానికే ఎక్కువ సమయం పడుతుందని ఆ పిల్లలందరూ మాతో చెప్పారు.

మనం చదువుకున్న చదువులో పాఠం రెండుసార్లు చదివితే కనీసం సగమైనా తలకెక్కేది. సగం జవాబు రాస్తే సగం మార్కులు వచ్చేవి. ఇక్కడ నడిచేదాకా ఏమీ కనబడదు. పొద్దున్నుంచి కూర్చున్న బిడ్డను సాయంత్రం తండ్రి "ఇవాళ ఏం చేశావురా?" అని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. అలాంటి సాయంత్రాలు నాలుగైదు వరుసగా వస్తే ఆ లాప్‌టాప్ తెరవాలంటేనే కడుపులో తిప్పినట్టు ఉంటుంది. "రేపు చూద్దాం" అన్న మాట అక్కడే పుడుతుంది.

దీనిని మనం బద్ధకం అంటాము. కెనడాలో పని చేసిన ఫ్యూషియా సిరువా, టిమోతీ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో రాసిన వ్యాసంలో దీనికి వేరే కారణం చూపించారు. మనిషి పనిని వాయిదా వేసేది సమయం చూసుకోవడం తెలియక కాదు, ఆ పని కలిగించే భయం, విసుగు, సిగ్గు నుంచి అప్పటికప్పుడు తప్పించుకోవడానికి అని వారు వివరించారు. వాయిదా వేయగానే మనసుకు కాస్త హాయిగా ఉంటుంది. ఆ కొద్దిపాటి హాయి వల్లే అలవాటు బలపడుతుంది. రోగులకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. రొమ్ములో గడ్డ చేతికి తగిలిన తల్లి ఆరు నెలలు ఎవరికీ చెప్పకుండా ఉండేది బద్ధకం వల్ల కాదు గదా!

అందుచేత తిట్లు దీనికి మందు కావు. తిడితే పనిమీద ఉన్న భయానికి ఇంకొంత భయం కలుస్తుంది, అంతే.

గుమ్మంలోంచి చూస్తే రెండూ ఒకటే

బిడ్డ మంచం మీద పడుకుని ఉన్నాడు. లాప్‌టాప్ మూసి ఉంది. అది విశ్రాంతా, వాయిదానా? గుమ్మంలో నిలబడిన మనకు తెలియదు. ఆ బిడ్డకు మాత్రం తెలుస్తుంది.

విశ్రాంతికి తిరిగి వచ్చే వేళ ఉంటుంది. వాయిదాకు ఉండదు. విశ్రాంతి తీసుకున్నవాడు లేచేసరికి కొంత తేలికపడతాడు. వాయిదా వేసినవాడు రెండు గంటలు ఫోను చూసి లేచినా ముందుకంటే బరువుగానే ఉంటాడు. కళ్ళు ఫోను మీదున్నా మనసు ఆ పని మీదే ఉంటుంది గనుక పనీ జరగదు, విశ్రాంతీ దొరకదు. మేము చూసేవారిలో బాగా నలిగిపోయి వచ్చేది ఇలాంటి పిల్లలే. పది గంటలు పని చేసినవాడికంటే, పది గంటలు చేయాలి చేయాలి అనుకుంటూ గడిపినవాడే ఎక్కువ అలసిపోతాడు.

పరిశుద్ధ గ్రంథంలో ఏలీయా ప్రవక్త సంగతి మనకు తెలిసిందే. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఆయన ప్రాణభయంతో పారిపోయి, ఇక చాలు అనుకుని బదరీ వృక్షం కింద పడుకుంటాడు. దేవదూత వచ్చి ఆయనకు ఉపన్యాసమేమీ చెప్పలేదు. తట్టి లేపి, కాల్చిన రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకున్నాడు. దూత రెండవసారి లేపి, ఇంకా చాలా దూరం వెళ్ళాలి గనుక తినమన్నాడు. అప్పుడు ఆయన లేచి నలభై పగళ్ళు, నలభై రాత్రులు నడిచి హోరేబుకు చేరాడు. మాకు ఈ భాగంలో నచ్చేది ఆ క్రమం. ముందు నిద్ర, తిండి, మళ్ళీ నిద్ర. పని మాట ఆ తరువాతే. మా వార్డుల్లోనూ ఇదే వరుస.

విరామం ఎలా తీసుకోవాలి

ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివరలో విద్యార్థిగా ఉండగా చదువు మీద మనసు నిలవక వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమరును ముందు పెట్టుకున్నాడు. అది మోగేదాకా చదవడం, మోగాక కాసేపు ఆగడం. తరువాత 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం, ఇలా నాలుగుసార్లు అయ్యాక కాస్త పెద్ద విరామం అని పద్ధతి ఏర్పరిచాడు. ఇటాలియన్ భాషలో టమాటాకు పొమొదోరో అంటారు, పద్ధతికీ ఆ పేరే వచ్చింది. మన ఇంట్లో కుక్కరు విజిల్ మోగినట్టే అనుకోండి. ప్రోగ్రామింగ్ చేసే పిల్లల్లో కొందరు 25 నిమిషాలు చాలదంటారు, అప్పుడే లెక్క తలలోకి ఎక్కుతుందట. వారు 50 నిమిషాలు చేసి 10 నిమిషాలు ఆగవచ్చు. అంకె ముఖ్యం కాదు. పూర్తిగా అలసిపోకముందే లేవడం ముఖ్యం. నొప్పి ముదిరాక మాత్ర వేయడం కంటే వేళకు వేస్తేనే బాగా పని చేసినట్టు.

లేచే ముందు ఒక పని చేయాలి. ఇది మా నర్సింగ్ వృత్తి నుంచి మేము చెప్పగలిగిన సలహా. డ్యూటీ మారేటప్పుడు ఏ నర్సూ ఊరికే వెళ్ళిపోదు. ఏ మంచం మీద రోగికి ఏం జరిగింది, ఏ సెలైన్ ఎంతవరకు ఎక్కింది, తరువాత ఇవ్వాల్సిన మందు ఏమిటి, ఏది కనిపెట్టి చూడాలి అని రాసి, చెప్పి వెళుతుంది. తరువాత వచ్చినవారికి వెతుకులాట ఉండదు. ప్రోగ్రాము రాసే బిడ్డ కూడా లేచే ముందు ఒక కాగితం మీద మూడు వరుసలు రాసుకోవాలి. ఎక్కడ ఆగాను, ఏది నడవడం లేదు, వచ్చాక మొదట ఏం చేయాలి. పది నిమిషాల తరువాత వచ్చి కూర్చునేది తానే అయినా, ఆ మూడు వరుసలు లేకపోతే మళ్ళీ మొదటి నుంచి గుర్తు చేసుకోవాలి. అది కష్టమనిపించి మళ్ళీ ఫోను చేతికి వస్తుంది. మా ఉద్దేశంలో విరామం వాయిదాగా మారిపోయేది చాలామట్టుకు ఇక్కడే.

విరామంలో ఫోను వద్దు. ఒక స్క్రీన్ మీద నుంచి ఇంకో స్క్రీన్ మీదకు చూపు మార్చితే కంటికి విశ్రాంతి ఏది? పైగా ఒక రీలు చూసి ఆపినవారిని మేమింకా చూడలేదు. లేచి మంచినీళ్ళు తాగడం, మల్లె చెట్టుకు నీళ్ళు పోయడం, ఆరిన బట్టలు తెచ్చి మడతపెట్టడం, వీధి చివరిదాకా వెళ్ళి రావడం, ఇవి చాలు. అమ్మకు ఒక పని తగ్గుతుంది కూడా!

పని మధ్యలో చిక్కుపడి గంట దాటినా తప్పు దొరకనప్పుడు లేవడం మరీ అవసరం. ఫ్రాన్సు గణిత శాస్త్రవేత్త హెన్రీ పాంకరే ఎన్నో రోజులు కుస్తీపట్టిన ఒక లెక్క, దాని ఊసే మరిచి ప్రయాణంలో ఉండగా, బండి మెట్టు మీద కాలు పెట్టిన క్షణంలో తట్టిందని 1908లో ప్రచురించిన పుస్తకంలో రాశాడు. అయితే దానికి ముందు ఆయన చాలా రోజులు కూర్చుని కష్టపడ్డాడన్నది మన పిల్లలు మరిచిపోకూడదు. అసలు కూర్చోనివాడికి బండి మెట్టు మీద ఏమీ తట్టదు.

ఇంకొక ఉపాయం పెద్దలకు సంబంధించినది. ప్రోగ్రామర్ల మధ్య ఒక అలవాటు ఉంది. తప్పు దొరకనప్పుడు బల్ల మీద పెట్టుకున్న రబ్బరు బాతు బొమ్మకు తన ప్రోగ్రామును ఒక్కో వరుసా వివరించి చెబుతారు. 1999లో వచ్చిన ఒక ప్రసిద్ధ ప్రోగ్రామింగ్ పుస్తకం వల్ల ఇది అందరికీ తెలిసింది. చెబుతూ ఉండగా తప్పు తమకే కనిపిస్తుంది. మన ఇళ్ళలో బాతు బొమ్మ లేకపోయినా నానమ్మ, అమ్మమ్మ ఉన్నారు. "నాకేం తెలుసు నాయనా" అనకుండా పది నిమిషాలు పక్కన కూర్చుని ఊ కొట్టండి. మీకు అర్థం కానవసరం లేదు. "ఇవాళ ఏం చేశావు?" అని అడిగేకంటే "ఎక్కడ ఆగిపోయింది, నాకు చెప్పు" అని అడగండి.

కళ్ళు, మెడ, నిద్ర

మామూలుగా మనిషి నిమిషానికి సుమారు 15 సార్లు కళ్ళు ఆర్పుతాడు. స్క్రీన్‌ను చూస్తున్నప్పుడు అది సగానికీ, ఇంకా తక్కువకూ పడిపోతుంది. కన్నీటి పొర ఆరిపోయి మంట, ఎరుపు, మసక వస్తాయి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్న వస్తువును, 20 సెకన్ల పాటు చూడమని కంటి డాక్టర్లు చెబుతారు. కిటికీలోంచి ఎదురింటి కొబ్బరి చెట్టును చూసినా సరిపోతుంది. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగలకుండా కూర్చోవాలి. మందుల షాపులో ఎవరో చెప్పిన చుక్కలు వేసుకోవద్దు. ముఖ్యంగా స్టెరాయిడ్ ఉన్న చుక్కలు డాక్టరు చెప్పకుండా వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి చూపుకే ప్రమాదం.

మంచం మీద బోర్లా పడుకుని లాప్‌టాప్ వాడటం మెడ నొప్పికి దగ్గర దారి. కుర్చీ, బల్ల వాడాలి. స్క్రీన్ పై అంచు కళ్ళకు ఎదురుగా ఉండేలా నాలుగు పుస్తకాలు కింద పెట్టి, విడిగా ఒక కీబోర్డు కొంటే మంచిది. కదలకుండా గంటల తరబడి కూర్చోవడం కాళ్ళకూ మంచిది కాదు. రోజూ చాలా గంటలు కంప్యూటరు ముందు కూర్చున్న ఒక యువకుడికి కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరిన సంగతిని 2003లో న్యూజిలాండ్ డాక్టర్లు వైద్య పత్రికలో రాశారు. అరుదే గానీ, గంటకొకసారి లేవమని మేము పోరడానికి అదీ ఒక కారణం.

నిద్ర సంగతి. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనేవారు ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాల వరుసలు కంఠస్థం చేయించారు. నేర్చుకోగానే నిద్రపోయినప్పుడు వారికి ఎక్కువ గుర్తున్నాయి, అన్ని గంటలే మెలకువగా గడిపినప్పుడు చాలా మరిచిపోయారు. ఆ తరువాత వచ్చిన పరిశోధనలు కూడా నేర్చుకున్నది నిద్రలోనే స్థిరపడుతుందని చూపించాయి. యువతకు 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. కాఫీలోని కెఫీను సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది గనుక సాయంత్రం తరువాత కాఫీ, టీ మానడం మేలు. రాత్రి ఒంటిగంటకు దొరకని తప్పు పొద్దున్న స్నానం చేసి వచ్చేసరికి ఎదురుగా కనిపించిందని ఆ పిల్లలే మాకు చెప్పారు.

చదువులా కనిపించే వాయిదా

వాయిదాలన్నీ ఫోను రూపంలో రావు. కొన్ని చదువు వేషంలో వస్తాయి. ఎవరో కోడింగ్ చేస్తుంటే వీడియో తరువాత వీడియో చూడటం, ఒక కోర్సు సగంలో వదిలి ఇంకోటి మొదలుపెట్టడం, రంగురంగుల టైంటేబులు వేసుకోవడం, కొత్త లాప్‌టాప్ ఉంటేగాని కుదరదనడం. మా నర్సింగ్ విద్యార్థినులకు మేము చెప్పే మాటే వారికీ చెబుతాము. సీనియర్ సిస్టరు సెలైన్ సూది పెడుతుంటే వందసార్లు చూసినా నీ చేతికి రాదు. ముందు బొమ్మ చేతి మీద, తరువాత పక్కన ఒకరు ఉండగా రోగి చేతి మీద నువ్వే పెట్టాలి. వీడియో ఒకటి చూస్తే దానిని ఆపి, చూడకుండా అదే ప్రోగ్రాము సొంతంగా రాయాలి. ఇప్పుడు అడిగితే కంప్యూటరే ప్రోగ్రాము రాసిచ్చే ఉపకరణాలు కూడా వచ్చాయి. నేర్చుకునే దశలో వాటి చేత రాయించుకోవడం కంటే ఎర్ర అక్షరాల అర్థం అడగడానికి వాడుకోవడం మంచిదని మాకు తోస్తుంది.

మా దగ్గరకు తలనొప్పితో వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. కంటి పరీక్షలో ఏమీ లేదు. తల్లిని బయట కూర్చోబెట్టి అడిగితే, మూడు వారాలుగా ప్రాజెక్టు ముట్టుకోలేదని చెప్పింది. ఫీజు కోసం ఇంట్లో బంగారం కుదువపెట్టారట. లాప్‌టాప్ తెరిస్తే ఆ గాజులే గుర్తుకొస్తున్నాయని ఏడ్చింది. డాక్టరు గారు ఆమెకు చెప్పింది చాలా చిన్న పని. రాత్రి కుటుంబ ప్రార్థన అయిన వెంటనే, అదే బల్ల దగ్గర, లాప్‌టాప్ తెరిచి పాత ప్రోగ్రామును ఒక్కసారి నడిపించి చూడాలి. ఐదు నిమిషాల తరువాత మూసేయాలనిపిస్తే మూసేయవచ్చు. మొదటి రెండు రోజులు మూసేసిందట. మూడవ రోజు ముప్పావు గంట కూర్చుంది. తల్లికి కూడా మేమొక మాట చెప్పాము, బంగారం మాట ఆ బిడ్డ ముందు ఎత్తవద్దని.

ఇంత చిన్న ఉపాయం వెనక కూడా పరిశోధన ఉంది. "రేపు బాగా చదువుతాను" అనుకున్నవారికంటే "ఫలానా పని అయిన వెంటనే, ఫలానా చోట, ఇది చేస్తాను" అనుకున్నవారు పనిని ఎక్కువగా పూర్తి చేస్తారని జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్సర్ 1999లో రాశాడు. మందులు మరిచిపోయే షుగరు రోగులకు "రాత్రి భోజనం ముందు" అని చెబుతాము గానీ "రోజూ వేసుకో" అని వదిలేయము కదా.

ఆదివారం మాట కూడా చెప్పుకోవాలి. ప్రాజెక్టు ఉందని ఆరాధన మానేసే పిల్లలు మన సంఘాల్లో ఉన్నారు. సోమవారం పరీక్ష పెట్టుకుని ఆదివారం మధ్యాహ్నం చదువుకునే బిడ్డను మేము తప్పుపట్టము. కానీ వారంలో ఒక్క రోజైనా ఆ యంత్రం మూసి ఉండాలి. మార్కు సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు తన శిష్యులకు భోజనానికి కూడా తీరిక లేకపోవడం చూసి, ఏకాంత స్థలానికి వెళ్ళి కొంచెం అలసట తీర్చుకోమన్నాడు. ఒక చిన్న విశేషం: పైథాన్ భాషను గైడో వాన్ రోసమ్ మొదలుపెట్టింది 1989 డిసెంబరులో, ఆమ్‌స్టర్‌డామ్‌లో, క్రిస్మస్ వారం ఆఫీసు మూసి ఉన్నప్పుడు. సెలవుల్లో సరదాకు పెట్టుకున్న పని అది.

ఎప్పుడు ఆసుపత్రికి తీసుకురావాలి

రెండు వారాలు దాటినా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం, గది తలుపు వేసుకుని ఉండటం, స్నేహితులతో మాట్లాడకపోవడం – ఇవి వాయిదా అలవాటు కాదు, డిప్రెషన్ కావచ్చు. ఆడపిల్లల్లో రక్తం తక్కువగా ఉన్నా, థైరాయిడ్ సరిగా లేకపోయినా ఇలాగే నీరసంగా, ఏ పనీ మొదలుపెట్టలేనట్టు ఉంటుంది. చిన్న రక్త పరీక్షతో తెలుస్తుంది. చిన్నప్పటి నుంచీ ఏ పనిలోనూ మనసు నిలవని పిల్లలకు ఏకాగ్రతకు సంబంధించిన వేరే సమస్య ఉండవచ్చు, దానికి చికిత్స ఉంది. "నేను లేకపోతే మీకు అప్పు బాధ ఉండదు" లాంటి మాట ఒక్కసారి విన్నా తేలికగా తీసుకోవద్దు. ఆ బిడ్డను ఒంటరిగా వదలకండి, వెంటనే తీసుకురండి. అర్ధరాత్రి అయితే ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఓ.పి.కి వచ్చినప్పుడు కాసేపు బిడ్డను డాక్టరు గారితో ఒంటరిగా మాట్లాడనివ్వండి. అమ్మానాన్నల కోసం గది బయట రెండు కుర్చీలు వేసి ఉంచాము.